తల ఊపితే వినిపించదు

మొన్న దసరా సెలవులకు ముందు విజయవాడ సత్యనారాయణపురంలో పిల్లలకు గేయాలాపన పోటీ పెట్టి, న్యాయనిర్ణేతల్లో ఒకడిగా నన్నూ పిలిచారు. శ్రుతి లయలు చూడడానికి ఇద్దరు సంగీతం తెలిసినవారు, ఉచ్చారణ చూడడానికి పాట రాని నేను. ఎనిమిదో తరగతి చదువుతున్న ఒక అమ్మాయి, కిన్నెరసాని వాగు పుట్టుకను కథగా చెప్పే విశ్వనాథ సత్యనారాయణ కిన్నెరసాని పాటల్లోంచి కిన్నెర కరిగి నీరయ్యే ఘట్టాన్ని ఎంచుకుంది. గొంతు కొంచెం వణికింది కానీ ఒక్క అక్షరం తప్పు పోలేదు.

పాట అయ్యాక నా పక్కన కూర్చున్న పెద్దాయన ముచ్చటపడి, "బాగా పాడావమ్మా, ఇంతకీ దీని భావమేమిటి?" అని అడిగారు. ఆ అమ్మాయి తడుముకోకుండా, "అత్తగారు తిట్టిందని కోడలు అడవిలోకి వెళ్ళిపోయిందండి, వాళ్ళాయన వెళ్ళి పట్టుకుంటే నీళ్ళయిపోయిందండి, ఆయనేమో ఏడ్చి ఏడ్చి రాయైపోయాడండి" అన్నది. హాల్లో నవ్వులు లేచాయి. పెద్దాయన వదలకుండా, "కథ సరే, మనం తెలుసుకోవలసింది ఏమిటి?" అన్నారు. "వాళ్ళాయన ఇంట్లో ఉన్నప్పుడే మాట్లాడి ఉంటే సరిపోయేదండి" అని చెప్పి ఆ అమ్మాయి దిగిపోయింది. ఈసారి నవ్వులు ఇంకా పెద్దవయ్యాయి. ఆమెకు రెండో బహుమతి ఇచ్చాము. మొదటిది ఎవరికి వచ్చిందో ఇప్పుడు నాకు గుర్తు లేదు.

ఆ రాత్రి నుంచి ఆ సమాధానం నన్ను వదలలేదు. కిన్నెరసాని పాటలను నేను చిన్నప్పటి నుంచి వింటున్నాను, కొన్ని చోట్ల చూడకుండా చెప్పగలను కూడా. వాటిని ఎప్పుడూ విడిపోయిన ప్రేమను తలచుకొని కరిగే పాటగానే విన్నాను, ఆ కరగడంలోని లయకు మురిసిపోయాను. అతడు అంతకు ముందు ఏమన్నాడు అన్న ప్రశ్న నాకు ఒక్కసారైనా తట్టలేదు.

శాపం ఎవరిది

మన పురాణాల్లో మనిషి రాయి కావాలన్నా, చెట్టు కావాలన్నా, నది కావాలన్నా సాధారణంగా ఒక శాపం ఉంటుంది, ఆ శాపానికి ఒక ముని ఉంటాడు, ఆ మునికి ఒక కోపం ఉంటుంది, చివరకు ఒక విమోచనం కూడా ఉంటుంది. అహల్యను గౌతముడు శపించాడు, రాముడి పాదం సోకి ఆమె శాపం తీరింది. కిన్నెర కథలో ముని లేడు, శాపం లేదు. ఉన్నదల్లా ఒక ఇల్లు, ఆ ఇంట్లో అత్తగారి నోటి నుంచి వచ్చిన మాట, ఆ మాటకు చిన్నబోయిన కోడలు, ఇద్దరి మధ్య నిలబడిన కొడుకు. ఒక కావ్యానికి చాలదనిపించేంత మామూలు సామగ్రి ఇది. విశ్వనాథ వంటి కవికి శాపాలు, మునులు దొరకక కాదు గదా, వాటన్నిటినీ వదిలిపెట్టి మన వంటింటి గొడవను తీసుకున్నారు.

ఆ ఇంట్లో అత్తగారి గొంతు వినిపిస్తుంది, కోడలి అలక కనిపిస్తుంది. ఎన్నిసార్లు చదువుకున్నా కొడుకు మాట మాత్రం నా చెవికి చేరలేదు. అతడి గొంతు మనకు బాగా వినబడేది ఆమె చేతుల్లోంచి జారి పరుగెత్తాకే. అప్పుడు పిలుస్తాడు, ఏడుస్తాడు, నిలువమని బతిమాలుతాడు. ఇంట్లో ఉండగా రెండు మాటల్లో తేలిపోయే సంగతి అడవిలో అంత ఏడ్పు అయినా తేలలేదు.

నాకు ఇప్పుడు తోచే అర్థం ఇది: పోయిన ప్రేమను తలచుకునే పాట చాలాసార్లు ఆలస్యంగా వచ్చిన జవాబు. అడిగినప్పుడు చెప్పని మాట, అడిగిన మనిషి లేనప్పుడు రాగం కట్టుకొని వస్తుంది. వినేవారు ఆ రాగానికి కరిగిపోయి, అసలు ప్రశ్న ఎప్పుడు అడిగారో, ఎవరు అడిగారో మరచిపోతారు. నేనూ మరచిపోయినవాడినే.

క్రియాపదం చెప్పే కథ

ఈ కోణంలో మళ్ళీ చదువుతుంటే తెలుగు వ్యాకరణమే ఒక వింత సాక్ష్యం చెప్పింది. ఆ ఘట్టంలో 'కరిగింది' అన్న క్రియ మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఆ మాటను గమనించండి. మనిషిగా ఉన్న కిన్నెరకు 'కరిగింది' అంటాము, నీరుగా మారిన కిన్నెరకు కూడా 'కరిగింది' అనే అంటాము. ఏ క్షణంలో ఆడమనిషి పోయి వాగు వచ్చిందో క్రియాపదం చెప్పదు, ఆ మార్పు ప్రత్యయం మారకుండానే జరిగిపోతుంది. స్త్రీలు, పశుపక్ష్యాదులు, జడాలు కాని వాటిని మహత్తులు అంటారని చిన్నయసూరి బాలవ్యాకరణంలో సూత్రం చేశాడు. అంటే మగవాడు మహత్తు, ఏకవచనంలో ఆడది, ఆవు, అడవి ఒకే వరుసలో కూర్చుంటాయి. కాలేజీలో ఆ సూత్రం చదివినప్పుడు వెనక బెంచీ ఆడపిల్లలు గొణిగిన గొణుగుడు నాకు ఇంకా గుర్తే, మా మాస్టారు వినిపించుకోనట్టే ముందుకు వెళ్ళిపోయారు.

అతడి సంగతి వేరు. అతడు 'వచ్చాడు', 'పిలిచాడు', 'ఏడ్చాడు'. రాయైన తరువాత 'ఉన్నాడు' అనడానికి వీలు లేదు, 'ఉంది' అనాలి. కిన్నెర నీరు కావడానికి వ్యాకరణం ఏమీ పోగొట్టుకోనక్కరలేదు. అతడు రాయి కావాలంటే తన మహత్త్వాన్ని వదులుకోవాలి. విశ్వనాథ దీన్ని ఉద్దేశించి చేశారని నేను అనను. భాష తన స్వభావం కొద్దీ చేసిన పని ఇది. కానీ మాట్లాడవలసినప్పుడు మాట్లాడని మగవాడికి ఇంతకంటె తగిన శిక్ష ఏ మునీ వేయలేడు.

కాళిదాసు విక్రమోర్వశీయంలో ఇలాంటిదే మరో సన్నివేశం ఉంది. ఊర్వశి కోపగించి వెళ్ళి కుమారవనంలో అడుగుపెట్టి లతగా మారిపోతుంది. పురూరవుడు పిచ్చివాడిలా నెమలిని, కోకిలను, ఏనుగును, కొండను అడుగుతూ తిరిగి, విడిపోయినవారిని కలిపే సంగమనీయ మణి దొరికాక ఆ లతను కౌగిలించుకుంటాడు. తీగ ఊర్వశి అవుతుంది. సంస్కృత నాటకంలో కౌగిలి మనిషిని తిరిగి ఇచ్చింది, తెలుగు పాటలో అదే కౌగిలి మనిషిని నీరు చేసింది. నాటకానికి మంగళాంతం కావాలి కాబట్టి అలా జరిగింది అనుకోవచ్చు. కానీ పురూరవుడికి దొరికిన మణి లాంటిది మన ఇళ్ళలో ఎవరికి దొరుకుతుంది? ఆలస్యంగా వచ్చిన కౌగిలి అన్నీ సరిచేస్తుందన్న భరోసాను తెలుగు పాట ఇవ్వలేదు, అందుకే నేను దాన్ని ఎక్కువ నమ్ముతాను.

తలచుకునేది ఎవరు

ప్రేమ పోగొట్టుకున్నవాడి పాట అనగానే మన చెవికి ఒక నమూనా అలవాటైపోయింది. 1953లో దేవదాసు వచ్చినప్పటి నుంచి ఆ నమూనాకు ఒక ముఖం, ఒక గొంతు, ఒక సీసా కూడా కుదిరాయి. మగవాడు ఉన్నచోటే కూలబడి పాడుతాడు. పోయిన ఆమె ఎక్కడో ఒక ఇంట్లో కాపురం చేసుకుంటూ ఉంటుంది, ఆమె ఏమి తలచుకుంటుందో మనం పెద్దగా అడగము. దుఃఖం మీద హక్కు ఉన్నచోట ఉండిపోయినవాడిదే అన్నట్టు వింటాము.

కిన్నెర పాటల్లో ఇది తలకిందులైంది. ఏడ్చిన కాసేపటికి అతడు రాయైపోయాడు, ఇక అతడికి గొంతు లేదు. తరువాతి దుఃఖమంతా కిన్నెరది. ఆమె వెళ్ళిపోయిన మనిషి, అయినా ఆ రాతిని విడిచి కదలలేక వేదన పడుతుంది. కదలకుండా ఉండడం నీటికి చేతకాదు గనుక కదులుతుంది. ఆ పైన నడకలు నేరుస్తుంది, నృత్యం చేస్తుంది, సంగీతమవుతుంది. చివరకు సముద్రుడి కాంక్షకు బెదిరితే గోదావరి ఆమెను తనలో కలుపుకొంటుంది. దుఃఖం అయ్యాక నృత్యం ఏమిటని చిన్నప్పుడు నాకు కొంచెం కష్టంగా ఉండేది, కవి కథ మరచిపోయి వర్ణనల్లో పడిపోయాడేమో అనుకునేవాణ్ణి. ఇప్పుడు అలా అనుకోను. తలచుకోవడం అంటే ఆగిపోవడమేనని, ఆగిపోయినవాడి ప్రేమే గొప్పదని మనకు నూరిపోసింది దేవదాసు వరుస. ఆగిపోయినవాడు రాయి అయ్యాడని, తలచుకుంటూనే ఆడిన మనిషి నది అయిందని విశ్వనాథ పాట.

గుంటూరులో తెలుగు చెప్పి రిటైరైన ఒక మిత్రుడికి ఫోన్‌లో ఇదంతా చెబితే ఆయన నన్ను సులభంగా వదల్లేదు. "అక్కడ ఒక వాగు ఉంది, దాని పక్కన ఒక గుట్ట ఉంది, కవి రెంటినీ కలిపి కథ అల్లాడు. నువ్వు దానికి ఈనాటి కుటుంబ న్యాయస్థానం తగిలిస్తున్నావు" అన్నారు. పైగా, సంప్రదాయ కుటుంబాన్ని వేయిపడగలు నవలలో అంతగా నిలబెట్టిన విశ్వనాథ తల్లికి ఎదురు చెప్పని కొడుకును తప్పుపడతారా అని కూడా అడిగారు. రెండూ బలమైన ప్రశ్నలే. మొదటిదానికి నా సమాధానం పైన చెప్పినదే: గుట్టకు, వాగుకు కథ కావాలంటే శాపం చాలును, అత్తగారి మాట అక్కరలేదు. రెండోదానికి మాత్రం నా దగ్గర పూర్తి సమాధానం లేదు. కవి అభిప్రాయాలు ఏవైనా, ఆ కొడుకును రాయి చేసింది మాత్రం కవే. తల్లి మాట జవదాటని కొడుక్కి స్వర్గం ఇవ్వలేదు. ఆయన నమ్మినదాని కంటే ఆయన పాటకు ఎక్కువ తెలుసు అనడం సాహసమే, కానీ గొప్ప కవుల విషయంలో ఆ సాహసం చేయవచ్చు.

ఈ పాటలను కవి సొంత దుఃఖానికి ముడిపెట్టేవారూ ఉన్నారు. నాకు ఆ అవసరం కనిపించదు. భార్య పోయిన దుఃఖాన్ని విశ్వనాథ వరలక్ష్మీ త్రిశతిలో సూటిగానే చెప్పుకున్నారు, దాన్ని వాగులో వెతకడం ఎందుకు?

పెదనాన్న క్యాసెట్టు

నా వాదానికి అసలైన అడ్డంకి మా ఇంట్లోనే ఉంది. ఇంతసేపూ దాన్ని దాటవేస్తూ వచ్చాను.

మా పెదనాన్న గుంటూరులో ఒక పొగాకు కంపెనీలో గుమాస్తాగా పనిచేశాడు. ఇల్లు బ్రాడీపేట. పెద్దమ్మకు మంచి గొంతు, పెళ్ళికి ముందు తెనాలిలో వాళ్ళ అక్క దగ్గర కిన్నెరసాని పాటలు నేర్చుకుంది. అత్తగారింట్లో పాడడానికి ఆమెకు తీరిక ఉండేది కాదు, తీరిక ఉన్నప్పుడు మా నాయనమ్మ ఉండేది. మా నాయనమ్మ చెడ్డమనిషి కాదు, మాకు జేబుల్లో బెల్లం ముక్కలు పెట్టేది. కానీ కోడలితో నేరుగా మాట్లాడేది కాదు. గోడకో, గేదెకో, మాకో చెప్పినట్టు చెబితే అది పెద్దమ్మకు తగలాలి. అలాంటప్పుడు పెదనాన్న పేపరు చదువుతూ ఉండేవాడు. ఆయన అంత శ్రద్ధగా చదివిన పేపరు ఏ తెలుగు పత్రికకూ దొరికి ఉండదు.

1986 సంక్రాంతికి మా నాన్న కొత్తగా కొన్న టూ ఇన్ వన్ పట్టుకొని మేమంతా గుంటూరు వెళ్ళాము. నాకు పదకొండేళ్ళు. ఎవరి గొంతు దొరికితే వాళ్ళ గొంతు రికార్డు చేస్తూ తిరిగాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక మా అమ్మ బలవంతపెడితే పెద్దమ్మ కిన్నెర కరిగే పాట పాడింది. పాట అయిపోయాక టేపులో ఆమె గొంతు, "ఏమండీ, బాగుందా?" అని వినిపిస్తుంది. ఆ తరువాత పేపరు తిప్పిన చప్పుడు. ఆ తరువాత దూరం నుంచి నాయనమ్మ గొంతు, "పొయ్యి మీద పాలున్నాయని ఎవరైనా చెప్పండర్రా." ఆ తరువాత టక్కున ఆగిపోతుంది.

1991లో పెద్దమ్మ పోయింది. పెదనాన్న ఆ క్యాసెట్టు మా నాన్న దగ్గర అడిగి తీసుకున్నాడు, రోజూ రాత్రి పడుకునే ముందు పెట్టుకునేవాడు. పాట విని ఆపేవాడు కాదు, చివరి పేపరు చప్పుడు, పాల మాట కూడా విని, వెనక్కి తిప్పి, మళ్ళీ పెట్టేవాడు. ఆయన ఆ పాటలోని ముక్కలను కూనిరాగం తీయడం కూడా అప్పుడే మొదలైంది. పెద్దమ్మ ఉండగా ఆయన నోట పాట విన్నవారు మా ఇంట్లో లేరు. బంధువులు "ఎంత ప్రేమ చూడు" అని కళ్ళు తుడుచుకునేవారు. నాకు అప్పటికి కాలేజీ వయసు, రక్తం కొంచెం వేడి. ఒకసారి ఆయన దగ్గరే ఉండి, "అడిగినప్పుడు ఒక్క మాట అని ఉండవలసింది పెదనాన్నా" అనేశాను.

ఆయనకు కోపం రాలేదు. చాలాసేపు క్యాసెట్టు డబ్బా మూత తెరుస్తూ మూస్తూ కూర్చున్నాడు. చివరకు, "తల ఊపానురా. అది నా వంకే చూస్తోంది, నేను తల ఊపాను. టేపులో తల ఊపితే వినిపించదు కదా" అన్నాడు.

ఈ మాట ముందు నా వాదం ఎంత నిలుస్తుందో నాకే తెలియదు. ఆ తరం మగవారి ప్రేమ చాలావరకు ఇలా వినిపించని చోట్లే ఉండేదేమో. తల్లి వింటుండగా భార్య పాటను మెచ్చుకోవడానికి ఆ ఇంట్లో మాటలు లేవు, తల ఊపు ఒకటే ఉంది. కిన్నెర భర్త కూడా ఆ రోజు ఇంట్లో తల ఊపాడేమో, కంటితో సైగ చేశాడేమో. అది కిన్నెర చూసే ఉండవచ్చు, చాలదనుకొని ఉండవచ్చు, లేదా ఏడుస్తూ తల వంచుకొని చూడకపోయి ఉండవచ్చు. పాట కూడా టేపు లాంటిదే, గొంతులనే పట్టుకుంటుంది. పాటలో వినిపించలేదు గనుక అతడు ఊరుకున్నాడని నేను తీర్పు చెప్పడం, పదకొండేళ్ళ పిల్లవాడు పెట్టిన మైకును సాక్షిగా పిలవడం వంటిదే.

అయినా వాదాన్ని పూర్తిగా వదులుకోలేను. తల ఊపానని ఆయనకు తెలుసు, పెద్దమ్మకు కూడా తెలుసు. మరి ఆయన రోజూ రాత్రి దేని కోసం ఆ పేపరు చప్పుడు దాకా వినేవాడు? తల ఊపు సరిపోయిందని నమ్మినవాడు పాట అయిపోగానే ఆపి పడుకునేవాడు.

ఇంకొక విషయం కూడా చెప్పాలి. టేపు టక్కున ఆగిపోయేది నాయనమ్మ మాట తరువాతే. పాల మాట వినగానే స్టాప్ నొక్కింది నేను. ఆ తరువాత ఆయన ఏదైనా అన్నాడేమో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు, ఆయనను అడగడానికి నాకు తోచనూ లేదు.

నీళ్ళు ఇక్కడికి వచ్చాయి

కిన్నెరసానికి ఇప్పుడు పాల్వంచ దగ్గర ఆనకట్ట ఉంది, ఆ నీటిని కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రం వాడుకుంటుంది. మిగిలిన వాగు బూర్గంపాడు దగ్గర గోదావరిలో కలుస్తుంది. విశ్వనాథ పాటకు అక్కడితో కథ ముగిసినట్టే, కానీ నీటికి ముగియలేదు. 2015లో మొదలైన పట్టిసీమ ఎత్తిపోతల పథకం 24 పంపులతో గోదావరి నీటిని పోలవరం కుడి కాలువలోకి ఎత్తి, ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలుపుతుంది. అంటే సముద్రానికి బెదిరి గోదావరి ఒడి చేరిన కిన్నెరలో ఒక పాయ, సముద్రం దాకా వెళ్ళకుండానే, ఆ పాటలు రాసిన మనిషి ఏళ్ళ తరబడి కాపురమున్న విజయవాడకు వచ్చి చేరుతోంది. ఆయన 1976లో గుంటూరులో కన్నుమూశారు, ఈ నీటిని చూడలేదు. మొన్న ఆ రెండు నదుల నీళ్ళు కలిసే పవిత్ర సంగమం దగ్గర మెట్ల మీద కూర్చుని ఈ లెక్క వేసుకుంటుంటే పక్కనున్న ఒకాయన ఫోన్‌లో ఎవరితోనో, "చెప్పానుగా, చెప్పానుగా" అని పదిసార్లు అన్నాడు. ఏమి చెప్పాడో వినిపించలేదు.

పెదనాన్న పోయి ఎనిమిదేళ్ళయింది. పోటీ జరిగిన మర్నాడు వాళ్ళ మనవడికి ఫోన్ చేసి ఆ క్యాసెట్టు గురించి అడిగాను. వాడు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ పని చేస్తాడు, ఇలాంటివాటి మీద మంచి శ్రద్ధ. "ఎప్పుడో కంప్యూటర్లోకి ఎక్కించేశాను బాబాయ్, పంపిస్తాను" అని పది నిమిషాల్లో వాట్సాప్‌లో పెట్టాడు. పెద్దమ్మ గొంతు నిన్న పాడినంత శుభ్రంగా ఉంది, ఆ రోజుల్లో మాకు వినబడని ఊపిరి కూడా వినబడుతోంది. పాట ముగిసింది, ఫైలు కూడా ముగిసింది.

మళ్ళీ ఫోన్ చేసి చివర ఇంకొంచెం ఉండాలి కదరా అన్నాను. "అది కట్ చేశాను బాబాయ్, అక్కడ పాటేమీ లేదు, ఏవో ఇంట్లో చప్పుళ్ళు" అన్నాడు. అసలు క్యాసెట్టు పారేయలేదట, బ్రాడీపేట ఇంట్లో అటక మీద ఇనప్పెట్టెలో ఉందట. ఇంట్లో టేప్ రికార్డర్ లేదు. గవర్నర్‌పేటలో పాతవి బాగుచేసే ఒకాయన దగ్గర ఒకటి ఉన్నదని తెలిసింది. ఆదివారం పొద్దున్నే గుంటూరు పాసింజరు ఎక్కాలి.